జోలపాటకు ఒక పేరు

"మీ పాప పేరేంటండీ?" అని అడిగి ఆవిడ వెంటనే భర్త ముఖంలోకి చూసింది. నాకు భయం మొదలైంది అప్పుడే.

హనుమాన్ జంక్షన్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో వాళ్లిద్దరూ మా పక్క వరసలో కూర్చున్నారు. ఆయన ఒళ్లో గుడ్డసంచిలో డోలక్ ఉంది. వాళ్లు కలిసి పాడిన పెళ్లిపాటల క్యాసెట్ అంతకుముందు ఏడాది మా వైపు ప్రతి పందిట్లోనూ మోగింది. ఇప్పుడు రెండో క్యాసెట్ రికార్డింగుకి వెళుతున్నారట.

"ఈసారి అన్నీ ఏడుపు పాటలేనండీ," అందావిడ. "మా పాప కాలవలో పడి చనిపోయింది. దాని జోలపాటా పాడుతున్నాం. పేరు దగ్గరికొచ్చేసరికి ఈయన చెయ్యి ఆగిపోతోంది. పేరు లేకపోతే అది జోలెట్లా అవుతుంది? మీ పాప పేరు పెట్టుకుంటామండీ."

పోయిన పిల్ల పాటలో నా బిడ్డ పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఒళ్లో నిద్రపోతున్న దాన్ని పమిటతో కప్పి, "పద్మ" అన్నాను.

ఆవిడ సన్నగా పాడింది. ఆయన సంచి మీదే వేళ్లతో తాళం వేశాడు. పేరు దగ్గర చెయ్యి ఆగలేదు.

"పద్మంటే నువ్వే కదమ్మా," అన్నాడు నా పక్కనే కూర్చున్న మా పెద్దాడు.

నేను తల దించుకున్నాను. ఆవిడకు కోపం రాలేదు.

"ఆ కాలవ అడిగి ఉంటే నేనూ నా పేరే చెప్పేదాన్నండీ," అంది.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరికీ ఇడ్లీ పెడుతూ చెప్పాను, తెలియనివాళ్లెవరైనా పేరడిగితే అమ్మ పేరు చెప్పమని.