మూడో పైపు

నా చిన్నప్పుడు ఒక ఏడాది పాటు నేను దాదాపు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు నత్తి. మూడో తరగతిలో పాఠం పైకి చదవమన్నప్పుడు ‘మ’ దగ్గర ఆగిపోయాను. ఎంత ప్రయత్నించినా ఆ మాట కదల్లేదు. తరగతంతా నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఏం కావాలన్నా చేత్తో చూపించడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు బతిమాలారు, కొన్నాళ్లు కసిరారు, తర్వాత వాళ్లకీ అలవాటైపోయింది.

మాట్లాడని పిల్లకి వినడం తప్ప వేరే పనేముంటుంది? అందుకేనేమో, ఆనాటి చోడవరం నాకు కళ్లకంటే చెవుల్లోనే ఎక్కువ మిగిలింది. చలికాలం పొద్దున్న గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్లు మంచులో కనపడేవి కావు. ఇరుసుల మూలుగు మాత్రం మెల్లగా మా వీధి దాటి వెళ్లేది. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, ఏది ఒంటెద్దు బండో ఏది జంట ఎడ్ల బండో చప్పుడును బట్టి పోల్చుకునేదాన్ని. సగం నిద్ర, సగం మెలకువ. గాలిలో బెల్లం పొయ్యిల వాసన ఉండేది.

మా తాతయ్యకు డీజిల్ ఇంజిన్ బిగించిన పాత తెల్ల కారు ఒకటి ఉండేది. టాక్సీగా తిప్పేవాడు. ఆ చలికాలం మా పిన్ని పురిటికి వచ్చి మా ఇంట్లో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి విశాఖపట్నంలో ఆపరేషన్ చెయ్యాలనీ, శుక్రవారం తీసుకురావాలనీ డాక్టరు చెప్పింది. నా కారు ఉండగా భయం దేనికని తాతయ్య పిన్నికి ధైర్యం చెప్పాడు. సరిగ్గా ఆ వారమే కారు మొరాయించింది. ఆగి ఉన్నప్పుడు జ్వరమొచ్చినట్టు వణికేది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్లగా పొగ కక్కుతూ నిలబడిపోయేది. బజారులో మెకానిక్ చూసి ఇంజిన్ మొత్తం విప్పాలన్నాడు. విప్పితే నెల పడుతుంది. ఆ మాట విన్నాక పిన్ని రెండు పూటలు అన్నం ముట్టలేదు.

బుధవారం పొద్దున్న తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కారు మెల్లగా నడుపుకుంటూ దేవరాపల్లి రోడ్డులో ఉన్న రేకుల షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. పిల్లలందరం ఆయన్ని షెడ్డు తాత అనేవాళ్లం. పొట్టిగా, ఎప్పుడూ నూనె మరకల లుంగీతో ఉండేవాడు. నేను మాట్లాడనన్న సంగతి ఆయనకూ తెలుసు. ఊళ్లో తెలియనిదెవరికి?

ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తూ ఉండగా కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఇలా రావే గుంటా. నాకు సెవులు పోయేయి. ముప్పై ఏళ్లు ఇంజిన్ల పక్కనే బతికేను కదా. నీ సెవులు ఒకసారి అరువియ్యి.”

నేను దగ్గరికి వెళ్లాను. ఇంజిన్ మీద పక్కపక్కనే నాలుగు సన్నటి ఇనప పైపులు చూపించాడు. ఒక్కో పైపు ఒక్కో సిలిండర్‌కి డీజిల్ తీసుకెళ్తుంది. దాని చివర ఉన్న ఇంజెక్టర్ ఆ డీజిల్‌ని లోపలికి చిమ్ముతుంది.

“ఒక్కో పైపు నట్టు వదులు సేస్తాను. డీజిల్ అందక ఆ సిలిండర్ ఆగిపోద్ది. అప్పుడు ఇంజిన్ సప్పుడు పడిపోతే అది బాగా పనిసేస్తన్నట్టు. తేడా ఏటీ లేకపోతే రోగం అక్కడే. ఏది మారలేదో నువ్వే సెప్పాల.”

మొదటి నట్టు వదులు చేశాడు. ఇంజిన్ ఒక్కసారి కుంటింది. బిగించాడు. రెండోది వదిలాడు. ఈసారీ కుంటింది కానీ, అంత తెలియలేదు. నేను కళ్లు మూసుకున్నాను. రోడ్డూ షెడ్డూ ఎక్కడికో పోయాయి. మంచులో నడిచే బళ్లలాగే నాలుగు సిలిండర్ల చప్పుడు నాకు విడివిడిగా వినపడసాగింది. మూడోది వదిలాడు. ఏ మార్పూ లేదు. నాలుగోది వదలగానే మళ్లీ కుంటింది.

నేను కళ్లు తెరిచి మూడు వేళ్లు చూపించాను. ఆయన తల ఎత్తలేదు. ఈలోగా తాతయ్య, “రెండోదిరా తమ్ముడూ, నాకు తెలస్తంది” అన్నాడు.

షెడ్డు తాత రెండో ఇంజెక్టర్ మీద స్పానర్ పెట్టాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. వేళ్లు ఆయన ముఖం ముందు ఆడించాను. ఆయన ఇంజిన్ వైపే చూస్తూ, “నా కళ్లు పనిలో ఉన్నాయమ్మా. నోటితో సెప్పు. గట్టిగా సెప్పు” అన్నాడు.

నేను చెప్పకపోతే రెండోది విప్పుతారు. అది బాగానే ఉందని తేలితే ఇంజిన్ మొత్తం విప్పుతారు. శుక్రవారం పిన్ని ఎలా వెళ్తుంది? చెప్పాల్సిన మాట కూడా ‘మ’తోనే మొదలవ్వాలా అని ఏడుపొచ్చింది.

“మూ... మూ...” దగ్గర ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో తెలియదు. తాతయ్య ఏదో అనబోతే షెడ్డు తాత వెనక్కి చెయ్యి చాపి ఆపాడు. ఆయన గుడ్డతో స్పానర్ తుడుచుకుంటున్నాడు. చాలా నెమ్మదిగా, ఆ పూటకి ఇంకే పనీ లేనట్టు తుడుచుకుంటున్నాడు.

“మూడు” అన్నాను చివరికి.

“మూడా? సరే.” అంతే అన్నాడు. స్పానర్ పక్కకి జరిపాడు.

మూడో ఇంజెక్టర్ని విప్పి, కొస బయటికి ఉండేలా మళ్లీ దాని పైపుకే తగిలించాడు. పోల్చి చూడ్డానికి రెండోదాన్నీ అలాగే పెట్టాడు. చెయ్యి దగ్గర పెట్టొద్దని నన్ను దూరంగా నిలబెట్టి, తాతయ్యని స్టార్టర్ తిప్పమన్నాడు. రెండోదాని కొస నుంచి డీజిల్ సన్నటి పొగమంచులా విచ్చుకుంది. రేకుల సందులోంచి పడే ఎండలో అది ఒక్క క్షణం బంగారు రంగులో తేలి మాయమైంది. మూడోదాని నుంచి మాత్రం బొట్లు బొట్లుగా కారింది.

దాన్ని విప్పి చూస్తే లోపలి సూది మసి పట్టి ఇరుక్కుపోయి ఉంది. గంటసేపు శుభ్రమైన డీజిల్లో కడిగాడు. ఆ సూది తన బరువుకి తానే మెల్లగా కిందికి జారేదాకా కడుగుతూనే ఉన్నాడు. తిరిగి బిగించాక ఇంజిన్ వణుకు మానేసింది. తాతయ్య స్టీరింగ్ మీద తల ఆనించుకున్నాడు.

మేం బయల్దేరుతుంటే షెడ్డు తాత దూరంగా నీళ్ల డ్రమ్ము దగ్గర, మా వైపు వీపు పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. “అన్నయ్యా, ఫ్యాన్ బెల్టు సన్నగా కిర్రుమంటంది. రేపొచ్చి బిగించుకో” అన్నాడు.

నేను చెవులు రిక్కించాను. నిజమే, కిర్రుమంటోంది. నాకే అంతవరకూ వినపడలేదు.

చెవులు పోయిన మనిషికి అది ఎలా వినపడిందో అప్పుడు అర్థం కాలేదు. రాత్రి పిన్ని పక్కన పడుకున్నాక అర్థమై, చీకట్లో నవ్వుకున్నాను. ఎందుకు నవ్వుతున్నావని పిన్ని అడిగింది. నత్తితోనే, ఆగి ఆగి, జరిగిందంతా చెప్పాను. నేను ఆగినచోట ఆమె ఒక్క మాట కూడా అందివ్వలేదు. శుక్రవారం ఆ కారులోనే విశాఖపట్నం వెళ్లింది. పన్నెండు రోజులకి కూతుర్ని ఎత్తుకుని తిరిగొచ్చింది.

నా నత్తి పూర్తిగా పోలేదు. నర్సునయ్యాను, ముప్పై రెండేళ్లు చేశాను, ‘మ’ దగ్గర ఇప్పటికీ తడబడతాను. వార్డులో ఎక్కడ నొప్పో చెప్పలేక తల తిప్పుకునేవాళ్లు ఉండేవారు. సిగ్గుతో కొందరు, భయంతో కొందరు. వాళ్ల ముఖంలోకి చూసేదాన్ని కాదు. దుప్పటి సర్దుతూనో, కట్టు గుడ్డ చుడుతూనో, “నాకు సరిగ్గా వినపడదమ్మా, నెమ్మదిగా చెప్పు” అనేదాన్ని. సర్దిన దుప్పటినే మళ్లీ సర్దుతూ, వాళ్లకి మాట వచ్చేదాకా అక్కడే ఉండేదాన్ని.