అత్తకు నేను చదవని చీటీ

మనవరాలి ఫోనులో రోజూ పొద్దున్నే ఒక దేవుని వాక్యం వస్తుంది. అది మోగినప్పుడల్లా నాకు మా మేనత్త చీటీ గుర్తొస్తుంది.

అవి యుద్ధం రోజులు. పాకాలలో రేషను చక్కెర గ్లాసెడు దొరికితే గొప్ప. మా ఇంట్లోనే ఉండే అత్త దాన్ని నా కళ్ల ముందే కాఫీలో వేసుకుని తాగేసి, నేను తిన్నానని నా మీద నాయనతో చాడీ చెప్పింది. నాయన చింతబరికెతో నా కాళ్లు వాచేలా కొట్టినాడు.

ఆ సాయంత్రం ప్రార్థన అయినాక, ఎప్పటిలాగే ఒక్కొక్కరం వాగ్దానాల డబ్బాలోంచి చుట్టిన వాక్యం చీటీ ఒకటి తీసుకున్నాం. ఎవరి చేతికి ఏది వస్తే అది దేవుడు వాళ్లకు చెప్పిన మాట. ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే.

"ఏం రాసుండాది పాపా, సదువు," అని అత్త తన చీటీ నాకిచ్చింది.

"నింద మోపిన నాలుక ఎండిపోవును," అని రెప్ప వేయకుండా చదివినాను.

అప్పట్నుంచి అత్త నీళ్ల చెంబు పక్కన లేకుండా కూర్చోలేదు. నిజం మాత్రం నాయనతో ఒప్పుకోలేదు. అప్పుడప్పుడు ఆ చీటీ తెచ్చి, "మాట మారిందేమో సూడు పాపా," అనేది. నేను మళ్లీ అదే చదివేదాన్ని. నాకది చక్కెర కంటే తియ్యగా ఉండేది. కాళ్ల మీద వాతలు మానినాయి గానీ కోపం మానలేదు.

అత్త పోయినాక ఆమె పెట్టెలో ఆ చీటీ దొరికింది. నలిగినా అక్షరాలు చెరగలేదు. ఆమెను క్షమించినానని, భయపడొద్దని దేవుడు అందులో చెప్పినాడు.

నేనే చెప్పనియ్యలేదు.