దానమ్మ టీచరు ఎత్తని చెయ్యి

కృపగల దేవునికి స్తోత్రం. ఇంతకాలం నన్ను సజీవుల లెక్కలో ఉంచి, ఈ నాలుగు మాటలు రాయనిచ్చిన ఆయన నామానికే మహిమ.

ఈ ఉదయం మందిరానికి సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసన తగలగానే పెనుకొండలో నాకు అక్షరాలూ వాక్యమూ నేర్పిన దానమ్మ టీచరు గుర్తొచ్చింది. ఆమెను ఎప్పుడు తలచుకున్నా నా మనసు ఒక దారిన నడవదు.

పంతొమ్మిది వందల అరవైలలోని మాట. నేను బడి చదువు ముగించాను. హిందూపురం కాలేజీకి రోజూ బస్సులో పోయి రావడానికి నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్లలకు హాస్టలుంటే పంపుతానన్నాడు. అప్పుడే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలు కలిసి హాస్టలు కట్టాలని పెద్దలు తలపెట్టారు. అందుకు బాండు పత్రాలు అమ్ముతారు. కొన్నవాళ్ళకు కొన్నేళ్ళ తర్వాత వడ్డీతో తిరిగిస్తారు. ముందు మూడు సంఘాలూ ఓటు వెయ్యాలి. చెయ్యెత్తిన ప్రతి కుటుంబమూ ఒక బాండు కొనాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా పని ఆగాలని నియమం. మిగతా రెండు ఊళ్ళూ ఒప్పుకున్నాయి.

మా సంఘంలో ఓటంటే ప్రార్థనే. ఒకరిని చూసి ఒకరు మొహమాటపడకుండా అందరూ కళ్ళు మూసుకొని చేతులెత్తాలి, పాస్టరుగారొక్కరే చూస్తారు. ఆ ఆదివారం నేను ఆగలేక కళ్ళు తెరిచాను. చాపల మీద అన్ని చేతులూ లేచి ఉన్నాయి. నా చదువు కోసం రోజూ ప్రార్థించే దానమ్మ టీచరు చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. "ఒకరు ఒప్పుకోలేదు. దీన్ని ఇంతటితో ఆపుతాం" అన్నారు పాస్టరుగారు.

ఏడుస్తూ ఆమె ఇంటికి పోయాను.

"ఎందుకెత్తలేదు టీచరమ్మా?"

"ప్రార్థనలో కండ్లు తెరిచినావా? ముందు దానికి జవాబు చెప్పు, రూతూ."

"తెరిచినా. నా కాలేజీ పాయ కదా!"

ఆమె గొంతు తగ్గింది. "శాంతమ్మ చెయ్యెత్తె. ఆయమ్మకుండేది ఒక్క ఎనుము. పాలమ్ముకొని బతుకుతాండాది. దాన్ని అమ్మి బాండు కొంటే పిల్లోళ్ళు ఏం తినల్ల?"

"శాంతమ్మ ఎత్తిందని మీకెట్ల తెలిసె?"

టీచరు లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ప్రార్థనలో కళ్ళు మూయడం నాకు నేర్పింది ఆమే.

ఆ కోపంతో పోయి శాంతమ్మకు అంతా చెప్పేశాను. ఆమె సంతోషిస్తుందేమో అని కూడా లోపల అనుకున్నాను. "నా ఎనుము, నా చెయ్యి! మద్దెలో ఆయమ్మకేం పని? నా పాప రేపు సదవకూడదా?" అని ఆమె వీధంతా వినేటట్టు తిట్టింది. ఆ తర్వాత సంఘంలో చాలామంది టీచరుతో మాటలు మానేశారు. నాకేమీ అర్థం కాలేదు.

కొన్ని నెలలకు టీచరు, ఆడపిల్లలకు హాస్టలున్న ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల దరఖాస్తు పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"నామీద కోపం పోయిందా?"

"పోలే."

"కోపంతోనే సంతకం పెట్టు. పెన్ను ఈడుండాది."

పెట్టాను. ఆ సంతకమే నాకు ధర్మవరంలో ముప్పై ఏళ్ళ అన్నం పెట్టింది. నేను శిక్షణకు పోయాక బీదవాళ్ళను బాండ్ల నుంచి మినహాయించి మళ్ళీ ఓటు పెట్టారు, హాస్టలు లేచింది. అందులో శాంతమ్మ కూతురు ఉండి చదివింది. నేను కాలేజీ గడప తొక్కలేదు.

ఇప్పటికీ ఎవరి మేలు కోసమైనా నోరు తెరవబోయి, వాళ్ళనే అడిగానా అని ఆగిపోతాను. అడిగాక కూడా భయమే. చదువుతున్న మీరు నాతో కలిసి మోకరించండి: ప్రభువా, దానమ్మ టీచరును నేను క్షమించాలో, ఆమెను నేనే క్షమాపణ అడగాలో తెలియజెప్పు. ఆమేన్.