గొట్టంలోంచి వచ్చిన అన్నం మెతుకులు

పోయిన ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు నాచారంలో మా ఇంట్లో జరిగింది ఇది. మా కోడలు స్వాతి గాజుతొట్టిలో సముద్రపు చేపలను పెంచుతుంది. వాటి మలినం నీళ్లలో పేరుకోకుండా ప్రతి ఆదివారం ఒక బకెట్ నీళ్లు తీసేసి, కొత్త ఉప్పునీళ్లు పోస్తుంది. ఆ నెలలో ఎప్పుడు పరీక్ష చేసినా మలినం పెరిగే ఉంది. ఒక బకెట్ కాస్తా మూడయింది. మేమేమో ట్యాంకర్ నీళ్ల మీద బతుకుతున్నాం.

ఆ రోజు ఉప్పల్ నుంచి స్వాతి అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ల ముందే అనేశాను.

"సూడు బావా, నీ బిడ్డ తీరు. మనుషులకే నీళ్లు లేకుంటే చేపల కోసం మూడు బకెట్లు పారబోస్తది. గిట్లనేనా పెంచింది?"

వియ్యంకుడు తల దించుకున్నాడు. స్వాతి తొట్టిలో గొట్టం పెట్టి, రాళ్ల వెనక నుంచి నీళ్లు లాగింది. నీళ్లతో పాటు కుళ్లిన అన్నం మెతుకులు బకెట్లో పడ్డాయి.

మూగజీవాలకు పెట్టనిదే తినకూడదని మా అమ్మ నేర్పింది. స్వాతి ఆఫీసుకు పోయాక రోజూ ఆ మెతుకులు వేసింది నేనే.

నేను వేయడం రోజూ చూసిన నా భార్య ఊరుకోలేదు. "నీళ్లు ఖరాబు జేసింది నువ్వు, మాటలు పడ్డది పిల్లనా?"

"పోనీ అత్తమ్మా, ఇప్పుడన్నా తెలిసింది," అంది స్వాతి. ఆ మాటకు ఇంకా కుంగిపోయాను.

తప్పయిందని ఇప్పటికీ నోటితో చెప్పలేకపోయాను. అందుకే ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో రాస్తున్నాను. మాట పడింది స్వాతి. విన్నది ఆమె తండ్రి సత్యం, తల్లి పద్మ, నా భార్య లక్ష్మమ్మ. అన్నది నేను, మల్లయ్యను.