చెరుకు ముక్కకు ఎనభై నాలుగు

ఈ సంగతి ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. అడగని వాళ్లకు నేనే చెప్పబోతే ఎవరూ వినలేదు. మా పాలిటెక్నిక్ పాత విద్యార్థుల సమావేశంలో లేచి నిలబడితే "తర్వాత, తర్వాత" అని మైకు ఇంకొకరి చేతికిచ్చారు. ఆ 'తర్వాత' రానే లేదు, భోజనాలు వచ్చాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దవాఖాన డాక్టరు గారికి సన్మానం చేసిన రోజు వేదిక దగ్గరికి వెళ్లాను. ఎవరో భుజం మీద చెయ్యి వేసి మర్యాదగా వెనక వరుసలో కుర్చీ చూపించారు. కూర్చున్నాను. కూర్చోవడం నాకు వచ్చు. మరిచిపోవడమే రాదు.

ఎనభైల చివర నేను నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఆఖరి ఏడు చదువుతున్నాను. మాది బోధన్ పక్క ఊరు, నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండించే ఇల్లు. ఆ ఏడే బాపుకు ఒక జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి కళ్లు చీకట్లు కమ్మేవి. ఒకసారి మడి గట్టు మీద కూలబడ్డాడు. ఇంకోసారి నిండు బండి తోలుతూ నొగల మీద నుంచి పక్కకు ఒరిగాడు. ఎడ్లు తమంతట తాము ఆగకపోతే చక్రం కింద పడేవాడు. కాసేపటికి తేరుకుని, ఏమీ జరగనట్టే లేచి పగ్గాలు పట్టుకునేవాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరి దవాఖానకు తీసుకుపోయేసరికి నాడి మామూలుగా ఉండేది. డాక్టరు పొట్ట నొక్కి గ్యాస్ అనేవాడు. అవ్వ దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. నాకు మాత్రం వేరే అనుమానం ఉండేది. బాపు ఇంటి ముందు ఒరిగిన రోజు నేను మణికట్టు పట్టుకున్నాను. వేలి కింద ఏమీ తగల్లేదు. ఒకటి తగిలింది. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. ఆ మాట డాక్టరుతో చెప్పాను.

"నీకు నాడి దొరకలే. గంతే" అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

అందుకే, తోటివాళ్లు ప్రాజెక్టు కింద అలారం గంటలూ రేడియోలూ చేస్తుంటే, నేను గుండె కొట్టుకోవడాన్ని లెక్కించే మిషన్ ఎంచుకున్నాను. బాపు పడిపోయే ఆ కొద్ది క్షణాల్లో డాక్టరు పక్కన ఉండడు. మిషన్ ఉండాలి.

చెప్పుకోవడానికి చిన్న విషయమే. బట్టలు ఆరేసే క్లిప్పుకు ఒక వైపు టార్చి బల్బు, రెండో వైపు వెలుతురును పసిగట్టే సెన్సరు. మధ్యలో వేలు. గుండె కొట్టినప్పుడల్లా వేలిలోకి నెత్తురు వచ్చి, వేలిని దాటే వెలుతురు పిసరంత తగ్గుతుంది. ఆ పిసరును పెంచి పెంచి, ఒక్కో దెబ్బకు ఒక్కో 'టిక్' వినిపించాలి. నిమిషానికి ఎన్ని దెబ్బలో ఎర్ర అంకెల్లో కనిపించాలి. చిక్కంతా ఆ పెంచడంలోనే ఉంది. పిసరును వెయ్యింతలు పెంచితే దాని పక్కనున్న చెత్త కూడా వెయ్యింతలు పెరుగుతుంది. వేలు కదిలితే టిక్. దగ్గితే టిక్. హైదరాబాద్ కోఠి నుంచి తెచ్చిన విడిభాగాలు ఊడదీసి, మళ్లీ అతికించి, టంకం పొగ పీల్చి పీల్చి నా గొంతు బొంగురుపోయింది.

శివరాత్రితో చలి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ల్యాబులో మా లెక్చరర్ ముందు పరీక్ష. నా వేలికి డెబ్బై ఆరు చూపించింది. లెక్చరర్ తన వేలు పెట్టాడు. ఎనభై. తల ఊపాడు కూడా. అక్కడితో ఆగి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ నడిచే కాలంలో బోధన్ వైపు నుంచి వచ్చే పిల్లల సంచుల్లో చెరుకు ముక్కలు లేకుండా ఉండవు. పక్క బల్ల మీది తోటి విద్యార్థి చెక్కు తీసిన ముక్క ఒకటి నములుతున్నాడు. లెక్చరర్ అతని చేతిలో నుంచి ఇంకొకటి తీసుకున్నాడు.

"ఆగుండ్రి, గీ పేషెంటును గూడ సూద్దాం" అని దాన్ని క్లిప్పులో పెట్టాడు.

టిక్. టిక్. టిక్. అంకెలు తిరిగి తిరిగి ఎనభై నాలుగు దగ్గర నిలిచాయి.

"వారీ! నాకంటె దీనికే పానం ఎక్కువున్నదిరా. ఇగ దీన్ని నమిలినవంటె ఖూనీ కేసే" అన్నాడు లెక్చరర్. ల్యాబంతా బల్లలు చరిచింది. నాకు ఆ నిమిషమే 'చెరుకు డాక్టర్' అని పేరు పడింది.

నేను నవ్వలేదు. చెరుకు ముక్క వైపే చూస్తూ నిలబడ్డాను. దాని తెల్లటి ఒంటి మీద పలచని నీడ ఒకటి వచ్చిపోతోంది. నీడ వస్తే టిక్, నీడ వస్తే టిక్. తలెత్తి చూశాను. మధ్యాహ్నం పూట పొలాల మోటర్లన్నీ నడిచి వోల్టేజీ పడిపోతే, మా ల్యాబు ఫ్యాన్ ముసలి ఎద్దులా తిరిగేది. దాని పైన, కప్పుకు బల్బు. రెక్కలు బల్బుకు అడ్డం వచ్చి పోతున్నాయి. నా మిషన్ వాటిని లెక్కపెడుతోంది.

"సార్, అది ఫ్యాన్ నీడ సార్. జర ఫ్యాన్ బందు చేస్తే..."

"చెరుకు అయిపోయింది, ఇప్పుడు ఫ్యాన్‌కు గుండె ఉన్నదా? ఉక్కపోసి మా గుండెలు ఆగుతయి, కూసో."

ఫ్యాన్ స్విచ్చు నాకు పది అడుగుల దూరంలో ఉంది. వెళ్లనివ్వలేదు. ఒక్క స్విచ్చు. అది ఆపి ఉంటే చెరుకు సున్నా చూపించేది. నవ్వు ఆగిపోయేది. అంతకంటే నన్ను కోసిన సంగతి ఇంకొకటి. అప్పటివరకు వేళ్లకు చూపించిన అంకెల్లో గుండె ఎంత, ఫ్యాన్ ఎంత? నాకే తెలియదు. అట్లాంటి మిషన్‌ను బాపు వేలికి ఎట్లా పెట్టేది?

ఇంటికి వచ్చి చీకటిని వెతికాను. క్లిప్పుకు నల్ల కాగితం చుట్టాను, వెలుతురు దూరింది. గొడుగు గుడ్డ చుట్టాను, దూరింది. దండెం మీద బాపు గొంగడి వేలాడుతోంది. మాఘమాసపు మంచును, శ్రావణపు ముసురును ఆపే నల్ల ఉన్ని. కత్తెర తెచ్చి మూల కోశాను.

"ఏందిరా, గొంగడి కోస్తున్నవా? దీన్ని ఎలుకలు గూడ ముట్టలే ఇంతదాంక!"

"నీ కోసమే బాపు."

"నా కోసమైతె నా తోలు కొయ్యి, గొంగడి జోలికి పోకు."

కోసిన ముక్కను క్లిప్పుకు తొడుగులా కుట్టాను. లోపల చెరుకు ముక్క పెట్టి నడి ఎండలో నిలబడ్డాను. సున్నా. చెయ్యి నీడ ఆడించాను. సున్నా. నా వేలు పెట్టి, రెండో చేత్తో మెడ దగ్గర నాడి చూసుకున్నాను. టిక్కూ నాడీ కలిసి నడిచాయి. పరుగెత్తి వచ్చి చూస్తే రెండూ కలిసే పరుగెత్తాయి. మర్నాడు నిజామాబాద్ పోయి లెక్చరర్ ముందు పెట్టాను. చూడలేదు.

"మార్కులు వేసేసిన. ఇగ ఇంటికి పో, చెరుకు డాక్టర్."

ఆ వారమే మా చెరుకు నరికి ఫ్యాక్టరీకి తోలే వంతు వచ్చింది. నరికిన చెరుకు ఎండలో ఆగితే బరువు తగ్గుతుంది. అందుకే బండ్ల వరుసలో రైతు ప్రాణం కాంటా మీదే ఉంటుంది. పొద్దున్నే బాపు పక్కన బండెక్కి వేలికి క్లిప్పు పెట్టాను. టార్చి బ్యాటరీలతో నడిచే మిషన్ నా ఒడిలో ఉంది.

వెనక బండి అన్న కేకేశాడు. "ఏంది కాకా, వేలుకు గా సంచేంది?"

"నా కొడుకు నా వేలుకు తాళమేసిండు. ఎటు ఉరుకుతననో ఏమో" అన్నాడు బాపు.

బండ్లు కదిలి ఆగుతున్నాయి. టిక్, టిక్, టిక్. వినీ వినీ నేను వినడం మానేశాను. అప్పుడు ఒక టిక్ తర్వాత ఇంకొకటి రాలేదు. తీగ ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. ఒక టిక్. మళ్లీ ఖాళీ. అంకె జారి జారి ముప్పై రెండుకు వచ్చింది. రెండో చేతి మణికట్టు పట్టుకున్నాను. అక్కడా అదే ఖాళీ.

"కండ్లల్ల చీకటైతున్నదిరా" అని బాపు నా మీదికి ఒరిగాడు.

వెనక బండి అన్న ఉరికివచ్చి పగ్గాలు అందుకున్నాడు. తేరుకోగానే బాపును నడిపించుకుంటూ దవాఖానకు తీసుకుపోయాను. అంత దూరం నడిచేసరికి డెబ్బై రెండు. డాక్టరు మణికట్టు పట్టుకుని వదిలేశాడు. నేను ముప్పై రెండు సంగతి చెప్పాను. పక్కన నిలబడ్డ కంపౌండరు ఎవరనుకున్నారు? ల్యాబులో చెరుకు నమిలిన నా తోటి విద్యార్థి తండ్రి.

"సార్, గీ పిలగాడే చెరుకు డాక్టర్. మా వాడు చెప్పిన ముచ్చట మీకు చెప్పలే?"

డాక్టరు నవ్వాడు. "ఆగింది నీ మిషన్. గుండె ఆగితె మీ బాపు నడుసుకుంట వస్తుండెనా?"

"సార్, జరసేపు ఈడనే కూసోబెట్టి చూడుండ్రి."

"నిన్ను కూసోబెడితె రేపు చెరుకు తోటంత వస్తది లైన్ల. ఎంతమందిని చూడాలె?"

బాపు చేతులు జోడించి లేచాడు. "మాఫు జేయుండ్రి సార్, పోరడు. పారా, మన బండి కాంటా కాడికొచ్చే యాళ్లయింది."

నేను బెంచీ మీద నుంచి లేవలేదు. మిషన్ నా ఒడిలో, దాని తీగ బాపు వేలికి.

"ఇడువు."

"ఇడువ."

"చెరుకు ఎండుతున్నదిరా!"

"ఎండనీ. మల్ల గా చీకటి వచ్చేదాంక నువ్వు కదలద్దు, నేను కదల."

బాపు పదిమందిలో నన్ను కొట్టేవాడే. తీగ తెగుతుందన్న భయానికో, కాళ్లలో బలం లేకనో, పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. టిక్, టిక్, టిక్. రోగులు వచ్చి పోతున్నారు. కంపౌండరు మా కాళ్ల కింద నుంచే ఊడ్చాడు. "ఏం డాక్టర్ సాబ్, పేషెంటు తీపిగున్నడా?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. లోపల నాకు ఇంకో భయం. మళ్లీ రాకపోతే? రాకపోతే బాపు రేపు కూడా బండెక్కుతాడు. అది కాంటా దగ్గర కాకుండా కాలువ గట్టు మీద వస్తుంది. తండ్రికి జబ్బు రావాలని ఎదురుచూస్తూ కూర్చున్న కొడుకు ఎట్లా ఉంటాడో అప్పుడు నా ముఖం చూస్తే తెలిసేది. ఎవరూ చూడలేదు.

మధ్యాహ్న భోజనానికి డాక్టరు బయటికి వచ్చాడు. చేతిలో స్కూటరు తాళం. మమ్మల్ని దాటి, గడప దాటి, మెట్టు దిగాడు.

టిక్ ఆగింది.

పొద్దుటి నుంచి మోగిన చప్పుడు ఆగేసరికి వరండాకే చెవుడు వచ్చినట్టయింది.

"సార్, మల్ల సచ్చింది మిషన్" అని కంపౌండరు నవ్వాడు.

డాక్టరు మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరిగాడు. నా మాట అబద్ధమని నలుగురిలో తేల్చడానికే కావచ్చు, వచ్చి బాపు మణికట్టు మీద వేళ్లు పెట్టాడు. ముఖంలో నవ్వు ఇంకా ఉంది. వేళ్లు కొంచెం జరిపాడు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. టిక్ అని ఒకటి మోగింది. ఆ మోతకే ఆయన కనురెప్పలు కదిలాయి. మళ్లీ ఖాళీ. నవ్వు పోయింది. బాపు తల నా భుజం మీద పడింది.

"పండబెట్టుండ్రి! లోపల, జల్ది!" అని అరిచింది ఆయనే.

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ జీపులో బాపును పంపించారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో గుండెను నడిపించే బ్యాటరీ ఒకటి ఛాతీ చర్మం కింద పెట్టారు. చెరుకును వెనక బండి అన్న తూకం వేయించాడు. బాపు మూల తెగిన గొంగడి కప్పుకుని చాలా ఏళ్లు తిరిగాడు. ఎవరు అడిగినా ఒకటే మాట. "డాక్టరు సారు దయ." ప్రతి సీజనులో ఆయన ఇంటికి ఒక చెరుకు మోపు పంపేవాడు. మోసుకుపోయింది నేను. ఆ ఇంటి గడపలో నన్ను ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.

లెక్చరర్ ఇప్పటికీ చెరుకు కథ చెప్తాడు. గొంగడి కథ చెప్పడు, ఎందుకంటే చూడలేదు. డాక్టరు గారు సన్మానం రోజు మైకు ముందు చెయ్యి పైకెత్తి చూపించారు. "మిషన్లు మోసం చేస్తయి. గీ వేళ్లు చెయ్యవు. ఒక రైతు నాడి పట్టంగనె పసిగట్టిన" అన్నారు. చప్పట్లు పడ్డాయి. నేను వెనక వరుసలో ఉన్నాను. నా సంచిలో ఆ క్లిప్పు ఉంది, దాని మీద గొంగడి ముక్క ఉంది.

డాక్టరు గారూ, ఆ వేళ్లే అదే రోజు పొద్దున బాపు మణికట్టును పట్టుకుని వదిలేశాయి. మధ్యాహ్నం మీరు భోజనానికి బయల్దేరారు. గడప దాటారు, మెట్టు దిగారు, చేతిలో స్కూటరు తాళం ఉంది. మా బాపు పిలవలేదు. నేను నోరు తెరవలేదు. మీ కంపౌండరు నవ్వింది కూడా టిక్ ఆగిందనే. మరి వెనక్కి ఎందుకు తిరిగారు? ఏది విని తిరిగారు, ఏది వినపడక తిరిగారు? మీరు బోధన్‌లోనే ఉన్నారు, నేనూ ఇక్కడే ఉన్నాను. ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి.