మూత మూస్తే లైను మూసినట్టా?

మా మేనకోడలు నీళ్ళ పంపుహౌసులో పగటి డ్యూటీ చేస్తుంది. ఊరి బడిలో ఏడో తరగతి ఫస్టున పాసై, నడిపిన మోటారును ఏనాడూ మొండికెయ్యనివ్వని నేనే ఆమెకు స్పానరు పట్టడం నేర్పాను. కంప్యూటరు తనే నేర్చుకుంది. ఓర్పు మాత్రం ఎవరూ నేర్పలేకపోయాం.

ఇప్పుడు పంపుకు స్విచ్చు లేదు. కంప్యూటరు వెనకనుంచి ఒక కేబులు కంట్రోలు పెట్టెకు పోతుంది. నల్ల తెరమీద ఆదేశం టైపు చేసి లైను తెరిస్తేనే పెట్టె మాట వింటుంది. అదీ ఒకసారికి ఒక్కరి మాటే.

ఆ రోజు ఆమెకు క్యారేజీ ఇద్దామని వెళ్ళాను. ఆసుపత్రి ట్యాంకు అడుగంటిందని అప్పుడే ఫోను. లైను తెరవబోతే, పోర్టు, అంటే ఆ కేబులు దారి, వేరొకరి వాడుకలో ఉందని తెరమీద పడింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

"కేబులు పీకి పెట్టి చూడమ్మా. నా రోజుల్లో..."

"మావయ్యా, మీ రోజుల్లో మోటారును తంతే తిరిగేది. దీన్ని తంతే నన్ను తంతారు."

లైను ఎవరు పట్టుకున్నారో వెతికింది. రాత్రి డ్యూటీ చేసేవాడు, గడియారం! నిమిషం ముందు రాడు, నిమిషం ఎక్కువ ఉండడు; అందుకే ఆ పేరు. ఇంటినుంచి నెట్‌వర్కు మీదుగా ఈ కంప్యూటర్లోకి వచ్చి లైను తెరిచాడు. తెంచెయ్యడం చిటికెలో పని. కానీ ఒకరి లైను అడగకుండా ఇంకొకరు తెంచకూడదని అక్కడి కట్టుబాటు. ఒకసారి అలా తెంచితే వాల్వు సగంలో నిలిచిపోయి వీధంతా మునిగింది.

అతనికి ఫోను చేస్తే భార్య ఎత్తింది.

"ఇప్పుడే పడుకున్నారు వదినా. లేపితే ఇల్లు పీకి పందిరేస్తారు."

"లేపకపోతే నేనొచ్చి వేస్తా. ఆసుపత్రిలో నీళ్ళు నిండుకున్నాయి!"

కాసేపటికి గడియారం గొంతు బొంగురుగా పలికింది. "నేనెప్పుడో మూసేశానమ్మా."

"ఏం మూశావు?"

"లాప్‌టాప్ మూత."

మా పిల్ల తల పట్టుకుంది. "మూత మూస్తే లైను మూసినట్టా అన్నయ్యా? వాల్వుకేమైనా చెప్పి వదిలేశావా?"

"లేదు. నీటిమట్టం చూశానంతే. పక్కమీద ఉన్నా పనిమీదే శ్రద్ధ."

"నీ శ్రద్ధ తగలెయ్య! తెంచుతున్నా."

తెంచింది. తెరిచింది. పంపు రెండుసార్లు దగ్గి అందుకుంది. నీళ్ళెక్కుతున్నాయని ఆసుపత్రివాళ్ళు చెప్పేదాకా ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు.

పని అయ్యాక ఆమె లైను మూసి, నిజంగా మూసుకుందో లేదో చూసి, క్యారేజీ విప్పింది. మళ్ళీ ఫోను మోగింది. గడియారమే.

"అమ్మా, ఇప్పుడు నేను నీటిమట్టం ఒక్కసారి చూసుకోవచ్చా?"

ఆమె ఫోను బోర్లా పెట్టి, చేయి కడుక్కోవడానికి లేచింది.