తారుగుడ్డ కింది నేల

ఇవాళ ఉదయం వడ్రంగి మా ముందుగది నేలలో కుళ్ళిన కట్టె పలకలన్నీ ఊడబెరికి, గడప దగ్గరి నాలుగింటిని మాత్రం పక్కన పెట్టాడు. "ఇవి గట్టిగా ఉండాయి సార్, కానీ అంతా గీతలే. చిత్రిక పట్టేద్దునా?" అన్నాడు. వద్దన్నాను.

ఇక్కడి బంగారు గనులు ప్రభుత్వపరమై తెల్లదొరలు వెళ్ళిపోయాక, ఒక బంగళా పడగొట్టినప్పుడు మా నాయన ఆ టేకు పలకలను వేలంలో కొన్నాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. బతుకంతా తలపైకి కట్టె ఎత్తినవాడు, ఒక్కసారైనా దాన్ని కాలికింద చూసుకోవాలనుకున్నాడు. గనుల పక్కనే, కోరమండల్ కాలనీలోని మా ఇంట్లో తానే పరిచాడు. ఆ ఏడు తిరగకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అమ్మ మధ్యాహ్నాలు చాపైనా వేసుకోకుండా ఆ పలకల మీదే పడుకునేది.

నాకు కోలారు పట్నానికి బదిలీ అయినప్పుడు అమ్మను వెంట తీసుకెళ్ళి, ఇల్లు ఒక గని కార్మికుడికి అద్దెకిచ్చాను. అతని వెంట దూడంత కుక్క వచ్చింది. దాని గోరు కట్టెకు తగలరాదని ఒప్పందంలో నా చేత్తోనే షరతు రాశాను.

"కుక్క నడిస్తే ఏమప్పా? నడిచేదానికే కదా మీ నాయన పరిచింది" అంది అమ్మ. ఇటువంటి తర్కం నేనెన్నడూ సహించలేదు.

"బంగారమేమో కింద ఉండాది, కాపలా కట్టెకా సార్!" అని నవ్వాడతను. కానీ మాట మీద నిలబడే మనిషి. గనిలో గాలిని మళ్ళించడానికి కట్టే తారుగుడ్డ తెచ్చి, గోడ నుండి గోడకు బిగించి, అంచులన్నీ మేకులతో మూసేశాడు. "గాలి కూడా దూరదు సార్" అని గర్వంగా చూపించాడు. నేనూ తృప్తిగా తలూపాను. భూగర్భంలో గాలిని అదుపు చేసినవాడికీ, దుంగల మనిషి కొడుక్కీ కట్టెకు ఊపిరాడాలన్న సంగతి తోచలేదు.

గనులు మూతబడ్డాక అతను పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అమ్మను చెయ్యిపట్టి తీసుకొచ్చి గుడ్డ లేపించాను. చెమ్మ పైకి పోయే దారి లేక నేలంతా నల్లబడి, వేలు పెడితే దిగిపోతోంది. షిఫ్టు నుండి వచ్చే యజమాని కోసం కుక్క రోజూ కూర్చుని, గుడ్డను గీరి గీరి చించేసిన గడప దగ్గర మాత్రం కట్టె బతికి ఉంది.

అమ్మ వంగి ఆ గీతలు తడిమింది. "ఈడ మాత్రం మీ నాయన ఉండాడు" అంది. ఆపైన, పోయేదాకా, మోకాళ్ళు ముడుచుకుని ఆ కాస్త చోటులోనే పడుకునేది.

ఆ తారుగుడ్డ మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. నాలుగు పలకలనూ గీతలతో సహా ఒక బల్లకు బిగించమని వడ్రంగికి చెప్పాను. మేము కాపాడింది కుళ్ళింది, కుక్క గీరింది మిగిలింది. కాలం ఎవరి షరతులూ చదవదు.